ఆషాఢంలో ఎగిరిన డ్రోన్

హాల్లో లైట్లు ఆర్పగానే ఎలీషా చిటికెన వేలు వచ్చి నా చిటికెన వేలిని పట్టుకుంది. ఇటు పక్కన అత్తయ్య గారు, ఆవిడ అవతల మావయ్య గారు కూర్చున్నారు, వాళ్లకి కనబడకుండా ఆ రెండు వేళ్ల మీదా కొంగు కప్పాను. తెర మీద పిచ్చుకల గురించి ఏదో సినిమా మొదలైంది, ఒక పెద్దాయన తన ఇంటి వసారాలో ధాన్యం కంకుల కుచ్చు వేలాడదీస్తున్నాడు, ఆ కుచ్చు అల్లిక ఎంతో అందంగా ఉంది, నా ధ్యాస మాత్రం కొంగు కిందే ఉంది. పెళ్లయి అయిదు నెలలు నిండలేదు. ఇంకా నాకు అన్నీ వింతే. పొద్దున్నే ఒకే మగ్గులో రెండు బ్రష్‌లు చూస్తే నవ్వొస్తుంది. పాలు పోసే అతను "ఎలీషా గారి మేడమ్" అని పిలిస్తే మెట్ల మీద ఆగిపోయి, వినబడనట్టు నటించి, రెండోసారి పిలిపించుకుంటాను. మా మేడ మీది పోర్షన్‌లో మేమిద్దరమే ఉన్నప్పుడు "ఏరా" అంటాను, అత్తవారింట్లో "ఏవండీ" అంటాను, నేను "ఏవండీ" అన్నప్పుడల్లా అతను నవ్వు ఆపుకోలేక మొహం తువ్వాల్లో దాచుకుంటాడు. అలాంటి మనిషి వేలు ఇప్పుడు ఎందుకో చల్లగా ఉంది. ఏసీ వల్ల అనుకున్నాను. బెజవాడ గవర్నర్‌పేటలో కింద మందుల హోల్‌సేల్ షాపులు, పైన ఈ పాత హాలు, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి ఆదివారం మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. గుమ్మం దగ్గర 'రేపటి భూమి: మన ఊళ్ల సినిమా పండగ' అని బ్యానర్. రెండొందల కుర్చీలు, అందులో ముందు మూడు వరసలు మా అత్తవారి ఊరివాళ్లవే. ఈ పిచ్చుకలు అయ్యాక ఇంకో రెండు సినిమాలు, ఆ తర్వాత నాది.

నాది అనుకోవడమే గమ్మత్తుగా ఉంది. నేను సినిమా తీయలేదు, మా పెళ్లి తీసిన చక్రి తీశాడు. దీన్నంతా నడిపిస్తున్న రాజ్యలక్ష్మి గారు నాకు డిగ్రీలో బోటనీ చెప్పారు, రిటైరయ్యాక కూడా ఊరుకోకుండా ప్రతి ఏడాదీ ఏదో ఒకటి మొదలుపెడతారు. ఈసారి 'ఇంటి కెమెరా' అని ఒక విభాగం పెట్టారు. కొత్తగా ఏమీ తీయొద్దు, మీ ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోలు, బారసాల వీడియోలు, ఫోన్లలో ఉన్నవీ మళ్లీ చూడండి, ముందున్న మనుషుల్ని వదిలేసి వాళ్ల వెనకున్న చెట్టునీ నీటినీ ఆకాశాన్నీ చూడండి, మూడు నిమిషాలు ఏరి పంపండి, అన్నారు. ఆ మెసేజ్ చదివి ఎగిరి గంతేశాను. మా పెళ్లి వీడియో అప్పటికే పదిసార్లు చూశాను, పదకొండోసారి చూడటానికి ఒక గౌరవమైన కారణం దొరికింది. పైగా మాది ఆషాఢంలో జరిగిన పెళ్లి. హిందువులు ఆ నెలలో పెళ్లిళ్లు చేయరు, కాబట్టి ఫంక్షన్ హాళ్లూ వంటవాళ్లూ వీడియోవాళ్లూ ఖాళీగా ఉంటారు, మా క్రైస్తవుల పెళ్లిళ్లు చాలా వరకు అప్పుడే పడతాయి. మా మంగళగిరిలో మా వీధి వాళ్లంతా కొత్త కోడళ్లని పుట్టింటికి పంపేస్తుంటే నేను అదే నెలలో అత్తారింటికి బయల్దేరాను. చక్రి కూడా ఖాళీగా ఉన్నాడేమో, పెళ్లికి రెండు రోజుల ముందే గుడివాడ అవతల ఉన్న ఎలీషా వాళ్ల ఊరు వెళ్లి సాయంత్రమంతా డ్రోన్ ఎగరేశాడు. "మేడమ్, నేను మాఘంలో తీసిన ఊళ్లన్నీ ఎండిపోయి ఉంటాయి, ఇప్పుడు చూడండి కాలవల్లో కొత్తనీరు, ఎంత కలరొచ్చిందో" అని మురిసిపోయాడు. నిజంగానే ఆ నెలలో ఆ ఊరిని పైనుంచి ఎవరూ చూసి ఉండరు. ఎర్రటి కొత్తనీటితో నిండిన పంట కాలువ, రుమాళ్లు పరిచినట్టు నారుమళ్లు, అటు పక్క మావయ్య గారి రొయ్యల చెరువులు, మధ్యలో తెల్లటి చర్చి. ఏది ఏరాలో తెలియక తికమకపడి చివరికి ఒక్క షాటు దగ్గర ఆగిపోయాను. ఎర్రటి కాలువలోకి ముదురాకుపచ్చ నీటిపాయ ఒకటి వచ్చి కలుస్తోంది, కలిసిన చోట అది మెలికలు తిరిగి మా మంగళగిరి చీర అంచులా సాగిపోతోంది, గట్టు మీద చీమంత మనిషి నిలబడి డ్రోన్‌కేసి చేయి ఊపుతున్నాడు. ఆ చీమ మా ఆయన. ఊపింది నాకు. ఆ సాయంత్రం నేను అతనితో ఫోన్లోనే ఉన్నాను, "నెత్తి మీద డ్రోన్ తిరుగుతోందే" అన్నాడు, "అయితే నాకు చేయి ఊపు" అన్నాను, ఊపాడు. మరి ఆ షాటు కాకుండా ఇంకేం ఏరతాను? ముప్పై సెకన్లు అలాగే ఉంచి, నా గొంతుతో మాటలు కలిపాను: "ఎర్రని నీళ్లూ పచ్చని నీళ్లూ కలిసే చోటు ఇది. మా రెండు కుటుంబాలూ ఇలాగే కలిశాయి." ల్యాప్‌టాప్‌లో ఎలీషాకి చూపించాను. అతను నా నుదుటి మీద ముద్దు పెట్టి డాబా మీదికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. పొంగిపోయాడు కాబోలు, మాటలు రావడం లేదు కాబోలు అనుకుని ఆ రాత్రంతా సంతోషంగా గడిపాను.

పిచ్చుకలు అయిపోయాయి, చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, వేలు వదిలి మళ్లీ పట్టుకున్నాను. ముందు వరసలో రత్తయ్య గారు ఇంకా కొడుతూనే ఉన్నారు. మావయ్య గారికీ ఆయనకీ స్కూలు రోజుల నుంచి స్నేహం, ఎలీషా ఆయన్ని బాబాయ్ అంటాడు కాబట్టి నాకూ బాబాయ్ గారే. మావయ్య గారు పొలం తవ్వించి చెరువులు చేసినా ఆయన మాత్రం వరి వదల్లేదు, మా చెరువుల కింద, కాలువ మీద మొదటి మడి ఆయనదే. ఆ మడి తెర మీద చూసుకోవచ్చని పిన్నిని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. ఉదయం హనుమాన్ జంక్షన్‌లో టీకి వ్యాన్ ఆపినప్పుడు మేమిద్దరం బెజవాడ నుంచి ఎదురెళ్లి వాళ్లతో కలిశాం. ఆ వ్యాన్‌లో ప్రయాణం ఎంత సరదాగా గడిచిందో. కిటికీ పక్క సీటు కోసం పెద్దవాళ్లంతా చిన్నపిల్లల్లా కొట్టుకున్నారు. ఎవరో రత్తయ్య గారిని రెండో పంట దాళ్వాకి నారు పోశావా అని అడిగారు. "ఇంకెక్కడి నారు, మా ఆవిడ చేతి మహిమ తొలకరిలోనే చూశాంగా" అన్నారాయన. వ్యాన్ అంతా నవ్వింది. విత్తనాన్ని నానబెట్టి గోనెలో మండె కడతారు, మొలకెత్తేదాకా దాని వేడి కనిపెట్టుకుని చూసుకోవాలి, ఆ ఊళ్లో ఆ పనికి పిన్ని చెయ్యి పెట్టింది పేరట, ఎవరింట్లో మండె కట్టాలన్నా ఆవిణ్ణే పిలిచేవారట. ఈ ఏడు ఆవిడ సొంత మడిలోనే చల్లిన మొలక లేవకుండా మాడిపోయింది. "మండెలోనే ఉడకబెట్టేసింది, ఇడ్లీలనుకుంది" అని ఆయన మళ్లీ అన్నారు, మళ్లీ నవ్వారు, నేనూ నవ్వాను, అందరూ నవ్వుతుంటే కొత్త కోడలు నవ్వకపోతే బాగుండదు కదా. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈసారి నన్నెవరూ పిలవలేదమ్మా, సుఖంగా ఉంది" అంది. ఎలీషా నవ్వలేదు. ఊడని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. నాకు అదీ ముద్దుగానే అనిపించింది.

రెండో సినిమా మొదలై అప్పటికి ఎంతసేపయిందో తెలియదు. సముద్రం వైపు ఏదో ఊరు, తీసినది కాలేజీ పిల్లలు, కెమెరా వణుకుతోంది. వంతెన మీద నుంచి కాలువని చూపిస్తున్నారు. ఎర్రటి నీళ్లలోకి ముదురాకుపచ్చ పాయ ఒకటి వచ్చి మెలికలు తిరుగుతోంది. అరె, నా షాటులాగే ఉందే అని ఎలీషా వేలు గట్టిగా నొక్కబోయాను. అప్పుడు తెర వెనక నుంచి ఒక అమ్మాయి గొంతు చాలా మామూలుగా చెప్పింది, ఇవి రెండు కాలువలు కలవడం కాదు, రొయ్యల చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ ఉప్పునీళ్లు పంట కాలువలోకి దిగడం, దీని కింద ఉన్న మొదటి మడివాళ్లకి ఆ రాత్రి తెలియదు, మొలక మీదకి ఆ నీళ్లు పెట్టుకుంటారు, నాలుగు రోజులకి మడి మాడిపోతుంది. నా వేలు అక్కడే ఆగిపోయింది. ఒక మడి చూపించారు, తెల్లటి పొక్కులు కట్టిన నేల, ఎర్రగా పడిపోయిన మొలక. నా కళ్ల ముందు మాత్రం అది లేదు, నా షాటు ఉంది. పదకొండుసార్లు కాదు, ఏరేటప్పుడు లెక్కలేనన్నిసార్లు చూసిన షాటు, అందులో ఒక మూలన ఇంతకాలం నేను చూసీ చూడని నీలం రేకుల షెడ్డు ఉంది, ఆ షెడ్డు మావయ్య గారి చెరువు మీద కాపలా షెడ్డు, షెడ్డు వెనక నుంచి గట్టు కింద నల్లటి గొట్టం ఉంది, గొట్టం మూతి కాలువలోకి ఉంది. ముందున్న మనిషిని వదిలేసి వెనకున్న నీటిని చూడమని మేడమ్ చెప్పారు. నేను చీమంత మనిషినే చూశాను. కాండాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో పెట్టి అందులో ఏ కణజాలం ఏదో బొమ్మ గీయగలిగినదాన్ని, ఉప్పునీరు మొక్క వేరుని ఏం చేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, కాలువలోకి ఉప్పునీరు దిగుతుంటే చీర అంచులా ఉందనుకున్నాను. దాని మీద కవిత్వం చెప్పాను. మూడు వరసల ఊరివాళ్లని వ్యాన్ కట్టించి మరీ పిలిపించుకున్నాను.

ఆ సాయంత్రం ఫోన్లో నీళ్ల చప్పుడు వినబడింది. ఇప్పుడు చెవుల్లో మళ్లీ అదే చప్పుడు. "ఏంటా చప్పుడు" అని అడిగాను. "నీళ్లు" అన్నాడు. జలపాతం పక్కన నిలబడి నాతో మాట్లాడుతున్నాడని ఊహించుకుని, "ఫోన్ కాస్త దగ్గరగా పెట్టు" అన్నాను, పెట్టాడు. నేను మంగళగిరిలో మా ఇంటి మేడ మీద, గోరింటాకు చేతులు గాల్లోకి పెట్టుకుని, మా చెల్లెలు నా చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటే, కళ్లు మూసుకుని ఆ నీళ్లని విన్నాను. ఇంతవరకూ ఆ చప్పుడు నా పెళ్లికి సంబంధించిన వాటిలో అన్నిటికన్నా తీపి జ్ఞాపకం. చెరువు ఖాళీ చేసి రొయ్యలు పట్టే పట్టుబడి ముందే పెట్టేశారని, పెళ్లి పనుల్లో చెరువు చూసుకునేవాళ్లు ఉండరని తర్వాత ఎవరో అన్నారు. ఆ రొయ్యలే మా విందులో వేపుడు చేశారు. రత్తయ్య గారు మూడుసార్లు వేయించుకుని, "కోడలు పిల్లా, నీ పెళ్లి వేపుడు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది" అని కనబడినప్పుడల్లా అంటారు. అదే పూట ఆయన మడి నీళ్లలో మొలక మాడుతూ ఉండి ఉంటుంది. చెరువులో నీళ్లు పోయాయి, రొయ్యలు విస్తట్లోకి వచ్చాయి, మొలక పోయింది, మాట పిన్ని మీదకి వచ్చింది. నేను తెల్లచీర కట్టుకుని, చర్చి గుమ్మంలో, వీటన్నిటి మధ్యలో నిలబడి చిరునవ్వుతో ఫొటోలు దిగాను.

"ఎలీషా" అన్నాను, అతని చెవికి దగ్గరగా. "నా సినిమాలో ఆ నీళ్లు. అది మన గొట్టమా?"

అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఊఁ."

"నీకు తెలుసా?"

"నువ్వు చూపించినప్పుడే చూశాగా."

"మరి చెప్పలేదేం రా?"

"నువ్వు కావాలనే పెట్టావనుకున్నా, వినీ."

"కావాలనా?"

"బోటనీ చదివావు. కనిపెట్టేశావనుకున్నా. రెండు కుటుంబాలూ ఇలాగే కలిశాయి అన్నావు కదా, నన్ను ఎత్తిపొడుస్తున్నావనుకున్నా."

"ఎత్తిపొడుపా! ప్రేమగా చెప్పాను!"

నా గొంతు పెరిగినట్టుంది, అత్తయ్య గారు తిరిగారు. "ఏంటమ్మా, చలేస్తోందా?" అవునన్నాను. తన శాలువా తీసి సగం నా మీద కప్పారు. ఆ శాలువా కింద అతను చెబుతున్నాడు, ఆగి ఆగి, మురుగు కాలువ వైపు వెళ్లే గొట్టం ఆ వారమే పగిలిందనీ, బాగు చేయించే తీరిక లేదనీ, ఒక్క రాత్రే కదా పంట కాలువలోకి వదిలేయమని నాన్న అన్నారనీ, తూము తిప్పింది తనేననీ. బాబాయ్ ఆ సాయంత్రమే మడికి నీళ్లు పెట్టుకున్నాడని పెళ్లయ్యాక తెలిసిందట. చెబుదామని రెండుసార్లు ఆయన ఇంటి గుమ్మందాకా వెళ్లాడట. రెండుసార్లూ ఆయన కోడలు పిల్ల ఎలా ఉందిరా అని అడిగి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించారట. "నువ్వు ఆ సినిమా చూపించాక హమ్మయ్య అనిపించింది. నేను చెప్పలేనిది నువ్వు చెప్పేస్తున్నావు అనుకున్నా. అందుకే ఆపలేదు" అన్నాడు. ఇప్పుడు అర్థమైంది డాబా మీద ఎందుకు నిలబడ్డాడో. నెల రోజులుగా ఈ మనిషి నన్ను ధైర్యవంతురాలిని అనుకుంటున్నాడు, నా ధైర్యం చాటున నిలబడదామనుకున్నాడు, నేనేమో మగ్గులో బ్రష్‌లు చూసి నవ్వుకుంటున్నాను. కోపం వచ్చింది. ఏ మనిషి మీద కోపం వచ్చిందో ఆ మనిషి వేలే అలాగే పట్టుకుని ఉన్నాను. పెళ్లయ్యాక కోపం ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, వదిలి అటు జరగడానికి చోటుండదు, ఒకే శాలువా.

ఫోన్ తీశాను. రాజ్యలక్ష్మి మేడమ్ పేరు వెతికి, 'మేడమ్, నా సినిమా వేయకండి, ఫైల్‌లో తప్పుంది, తర్వాత చెబుతాను' అని టైపు చేశాను. ఆవిడ ప్రొజెక్టర్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు, ఫోన్ ఒళ్లోనే ఉంది, నొక్కితే చాలు. నొక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఊరివాళ్లు కాస్త నిరాశపడతారు, రత్తయ్య గారు మా మడి కనబడలేదే అంటారు, పునుగులు తిని వ్యాన్ ఎక్కుతారు. మావయ్య గారు ఎప్పటిలాగే నన్ను తల్లీ అంటారు. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టం, మా నాన్న కూడా అలా పిలవరు. నొక్కకపోతే ఆ పిలుపు పోవచ్చు. చర్చిలో ఆయన కూర్చునే ముందు బెంచీ, ఆయన స్నేహం, అత్తవారింట్లో నాకు దొరికిన చోటు, అన్నీ ఆ ముప్పై సెకన్ల మీద ఉన్నాయి. నేను కావాలని చేయలేదంటే ఎవరు నమ్ముతారు? కట్టుకున్నవాడే నమ్మలేదు.

మూడో సినిమా నాటు విత్తనాల గురించి. నల్లవడ్లు, ఎర్రవడ్లు, గాజుబుడ్లలో వరసగా. ఎవరివో చేతులు తెర నిండా వచ్చాయి, తడి గోనె మూట విప్పుతున్నాయి. మొలకెత్తిన వడ్లు, తెల్లటి ముక్కులతో, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలా ఉన్నాయి, వాటి మీంచి సన్నటి ఆవిరి లేస్తోంది. ఎంత బాగున్నాయో అనుకుంటూనే ముందు వరస చూశాను. పిన్ని నాకు పక్కవాటుగా కనబడేలా, చెవులకి కొంగు చుట్టుకుని కూర్చుంది, ఈ హాలు చల్లదనం ఆవిడకి పడలేదు. మొలకలు కనబడగానే ముందుకి వంగింది. తెర మీది వెలుగు ఆవిడ మొహం మీద పడుతోంది. ఆ చేతులు మూట విప్పుతుంటే ఆవిడ వేళ్లు ఒళ్లో కదులుతున్నాయి, తడి చూసినట్టు, వేడి చూసినట్టు. అంతలో పక్కనుంచి రత్తయ్య గారు వంగి ఏదో అన్నారు. ఆయన మాట నాకు వినబడలేదు, అవతలివాళ్ల నవ్వు వినబడింది. పిన్ని వెనక్కి జరిగి రెండు చేతులూ కొంగు కింద పెట్టేసుకుంది.

చలికి కూడా మనుషులు చేతులు అలా దాచుకుంటారు. నేను అలా అనుకుని ఊరుకోవచ్చు. అయిదు నెలలుగా నేను చూసినవన్నీ నాకు నచ్చినట్టే అనుకున్నాను, ఇదీ అలాగే అనుకోవచ్చు. ఆవిడకి తన చేతి మీద తనకే అనుమానం వచ్చి ఉంటుందా? రాత్రిళ్లు ఆ మూటని గుర్తు చేసుకుని, ఎక్కడ పొరపాటు చేశాను, నీళ్లు తక్కువ చల్లానా, ఒక పూట ఎక్కువ ఉంచానా అని లెక్క వేసుకుని ఉంటుందా? వేసుకునే ఉంటుంది. జవాబు లేని లెక్క. జవాబు నా ఒళ్లో, ఫోన్ కింద, అతని వేలి చివర ఉంది. "ఫోన్ ఆపమ్మా, వెనకవాళ్ల కళ్లలో పడుతోంది" అన్నారు అత్తయ్య గారు. టైపు చేసింది చెరిపేసి ఫోన్ సంచిలో వేశాను. ధైర్యం అనడానికి ఏమీ లేదు, అప్పటికి అదొక్కటే చేయగలిగాను. "ఆపలేదా?" అన్నాడు ఎలీషా. లేదన్నాను. అతని వేలు నా వేలిని వదిలేసి, అరచెయ్యంతా వచ్చి నా చేతిని పట్టుకుంది. చెమట పట్టి ఉంది.

నా పేరు తెర మీద పడింది. మొదటి షాటుకే మా మూడు వరసలూ గోల. "అదుగో చర్చి!" "అదుగో మన టాంకు!" "ఒరేయ్ నా గేదె, కాలవలో నా గేదె!" హాలంతా నవ్వింది. రత్తయ్య గారు లేచి నిలబడి తెరకేసి చెయ్యి చాపారు, "అది మా మడి, ఆ మూలది, అప్పుడే మొలక చల్లాం చూడండి, అప్పటికింకా బాగానే ఉంది." వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. కూర్చున్నారు. తర్వాత అది వచ్చింది. ఎర్రని కాలువ, ఆకుపచ్చ పాయ, నీలం రేకులు, నల్లటి గొట్టం, చేయి ఊపే చీమ. నా గొంతు, ఎంత ఆనందంగా ఉందో నా గొంతు, చక్కెరలో ముంచి తీసినట్టు, మా రెండు కుటుంబాలూ ఇలాగే కలిశాయి అంటోంది. హాల్లో మిగతావాళ్లు నవ్వుమొహాలతో చూస్తున్నారు. మా మూడు వరసల్లో ఒక్కరూ కదల్లేదు. అది ఏమిటో వాళ్లకి ఏ గొంతూ చెప్పనక్కరలేదు. అత్తయ్య గారి శాలువా నా భుజం మీద ఉండగానే బరువెక్కింది. అవతల మావయ్య గారు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. ముప్పై సెకన్లు ఎంత పొడుగో నేనే పెట్టాను, నేనే భరించాను.

చప్పట్లు పడ్డాయి, సగం హాలువి. మేడమ్ నన్ను పిలిచి మైకు ఇచ్చారు, సినిమా తీసినవాళ్లని రెండు ప్రశ్నలు అడగొచ్చు అన్నారు. తెర ముందు నిలబడ్డాను. ముందు వరస నుంచి రత్తయ్య గారు లేచారు. చెయ్యెత్తలేదు, మైకు అడగలేదు.

"కోడలు పిల్లా, ఇది ఎప్పుడు తీశారమ్మా?"

"ఆషాఢంలో, బాబాయ్ గారూ. మా పెళ్లికి రెండు రోజుల ముందు." మైకులో నా గొంతు హాలంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. "ఆ గొట్టం మాది."

ఆయన తల ఊపారు, మెల్లగా, నేను చెప్పనిది కూడా విన్నట్టు. "మరి ఆ తూము కాడ చెయ్యూపేది ఎవరు?"

నాకు తెలుసు. నాకు తప్ప ఇంకెవరికీ ఆ చీమ మొహం తెలియదు. చక్రి అనొచ్చు, కూలివాడు అనొచ్చు, గుర్తు లేదు అనొచ్చు. నోరు తెరిచాను. ఏమనేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే అప్పటికే మూడో వరసలో కుర్చీ కిర్రుమంది.

"నేనే బాబాయ్" అన్నాడు ఎలీషా. "తూము తిప్పింది నేనే. నీ మడి కిందే ఉందని తెలిసి కూడా. తర్వాత చెప్పలేకపోయాను. పిన్ని చేతిలో తప్పేం లేదు."

రత్తయ్య గారు అతన్ని చూడలేదు. మావయ్య గారిని చూశారు. మావయ్య గారు లేచారు, చొక్కా సర్దుకున్నారు. "వాడికి చెప్పింది నేను, రత్తయ్యా. పద, బయట మాట్లాడుకుందాం."

"బయటెందుకు కృపానందం? మా ఆవిణ్ణి అన్నప్పుడు నేను బజార్లోనే అన్నాగా."

ఆ మాట అన్నాక ఆయనకే అది తగిలినట్టుంది. భార్య వైపు తిరిగారు. పిన్ని చెవుల మీంచి కొంగు తీసింది. అందరికన్నా నెమ్మదిగా లేచి, "నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అంది, ఎవరితో అన్నదో తెలియదు. చేతులు వెలుగులోకి పెట్టి ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత, "మీరు ముగ్గురూ రండి, నేను మాట్లాడతా" అని, మోకాళ్లు పక్కకి జరుపుకోమంటూ వరసలోంచి నడిచి, నల్లగుడ్డ తప్పించి, తలుపు తోసుకుని వరండాలోకి వెళ్లింది. ముగ్గురు మగవాళ్లు ఆవిడ వెనకాల వెళ్లారు, ముందు రత్తయ్య గారు, తర్వాత ఎలీషా, చివర మావయ్య గారు. నన్ను దాటుతూ ఆయన ఆగారు. తల్లీ అనలేదు. వెళ్లారు.

తలుపు తెరిచే ఉండిపోయింది. మధ్యాహ్నపు ఎండ హాల్లోకి వచ్చి తెరని సగం తెల్లగా చేసేసింది, తర్వాతి సినిమా అప్పటికే మొదలైంది, ఏవో అలలు నా చీర మీద కదులుతున్నాయి. పక్కకి తప్పుకోవాలని తెలుసు. కానీ అక్కడి నుంచి అయితేనే వరండా కనబడుతోంది. పిన్ని మాట్లాడుతోంది. చెయ్యి చాపి, వేళ్లు విప్పి, ఒక్కొక్క మాటా లెక్కపెట్టినట్టు మాట్లాడుతోంది, ముగ్గురూ తలలు వంచుకుని వింటున్నారు. ఏమంటోందో వినబడటం లేదు. వాళ్లలో ఎవరైనా మళ్లీ ఒకే వ్యాన్ ఎక్కుతారో లేదో తెలియదు. మా ఆయన మెడ ఎర్రగా ఉంది, ఆ మెడని నేను ఇంత దూరం నుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఎవరండీ అక్కడ, తలుపేయండి! బొమ్మ కనబడట్లేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకెవరో లేచి తలుపు వైపు వస్తున్నారు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"వేయకండి" అన్నాను. "దయచేసి, కాసేపు అలాగే ఉండనివ్వండి."